కారుకు కరెంటు – వ్యాపారికి గిట్టుబాటు

విద్యుత్తుతో నడిచే కార్లు రోడ్ల మీద కనిపించడం మొదలైన దగ్గర్నుంచి మన జిల్లాల్లో ఒక కొత్త మాట వినబడుతున్నది. "హైవే పక్కన జాగా ఉందా? ఛార్జింగ్ స్టేషన్ పెట్టెయ్యి, ఇక కూర్చుని తినొచ్చు" అని. హోటలు యజమానులే కాదు, రోడ్డు పక్కన అరెకరం ఉన్న రైతులు కూడా ఈ ఆలోచన చేస్తున్నారు. భూమి తాకట్టు పెట్టి అప్పు తెచ్చేముందు దీని లెక్క తెలుసుకోవడం అవసరం. అందుకు ఇంటర్మీడియట్ ఫిజిక్సు, కూడికలు తీసివేతలు చాలు. ఆ లెక్కను సాటి విద్యార్థుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం సంగతి

మన దేశంలో కరెంటు పంపిణీ చేసి అమ్మాలంటే 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. కాని కారు బ్యాటరీని ఛార్జి చెయ్యడం కరెంటు అమ్మకం కాదనీ, అదొక సేవ అనీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కనుక నిర్ణయించిన ప్రమాణాలు, భద్రతా నియమాలు పాటిస్తే లైసెన్సు లేకుండానే ఎవరైనా స్టేషను పెట్టుకోవచ్చు. సేవ కాబట్టి దాని మీద 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: పొలంలో మోటారుకిచ్చిన కనెక్షను మీద కార్లు ఛార్జి చేస్తే కుదరదు. దీనికి వేరే కనెక్షను, వేరే రేటు.

రెండు రకాల ఛార్జర్లు

మన లైన్లలో వచ్చేది ఏ.సి. కరెంటు. బ్యాటరీ తీసుకునేది డి.సి. కాబట్టి ఎక్కడో ఒకచోట ఏ.సి.ని డి.సి.గా మార్చాలి. నెమ్మది ఛార్జరులో ఆ పని కారులోనే ఉన్న పరికరం చేసుకుంటుంది. 230 వోల్టులు, 32 ఆంపియర్లు అనుకుంటే, రెండింటినీ గుణిస్తే 7,360 వాట్లు, అంటే సుమారు 7.4 కిలోవాట్లు. ఎనిమిది గంటల్లో దాదాపు 59 యూనిట్లు ఇవ్వగలదు. ఈ ఛార్జరు ఖర్చు తక్కువ.

వేగపు ఛార్జరులో మార్చే యంత్రం కారు బయట ఉంటుంది. 30, 60 కిలోవాట్లు, ఇంకా ఎక్కువ శక్తి గలవీ ఉన్నాయి. దీనికి బరువైన కేబుళ్ళు, పెద్ద లోడు కావాలి. చాలాచోట్ల ట్రాన్స్‌ఫార్మరు కూడా వేసుకోవలసి వస్తుంది. పెట్టుబడి అంతా ఇక్కడే పోతుంది.

లెక్క చూద్దాం

ఈ కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి మాత్రమే. ఎవరి ఊరి అంకెలు వారు వేసుకోవాలి.

ఒక 60 కిలోవాట్ల ఛార్జరుకు అన్నీ కలిపి 15 లక్షల రూపాయలు పెట్టుబడి అనుకుందాం. 10 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 1,50,000. పదేళ్ళకు యంత్రం అరిగిపోతుందనుకుంటే తరుగుదల 1,50,000. మరమ్మతులు, బీమా, కాపలా, ఇంటర్నెట్టు కలిపి 1,38,000. మొత్తం 4,38,000. దీన్ని 365తో భాగిస్తే రోజుకు 1,200 రూపాయలు. ఒక్క కారు రాకపోయినా ఈ ఖర్చు తప్పదు.

ఇప్పుడు ఆదాయం. కరెంటు యూనిట్ 8 రూపాయలకు కొని, పన్ను కాకుండా 16 రూపాయలకు ఇచ్చామనుకుందాం. 8 రూపాయలు మిగులుతాయనుకుంటే పొరపాటు. ఏ.సి.ని డి.సి.గా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. మీటరులో 100 యూనిట్లు తిరిగితే కారుకు 94 చేరాయనుకుందాం. అప్పుడు అమ్మిన యూనిట్ ఖరీదు 8 కాదు, దాదాపు 8 రూపాయల 50 పైసలు. మిగిలేది ఏడున్నర.

1,200ను ఏడున్నరతో భాగిస్తే 160. అంటే రోజుకు 160 యూనిట్లు అమ్మితేనే లాభం, నష్టం లేకుండా బయటపడతాం. కారుకు 20 యూనిట్ల చొప్పున ఎనిమిది కార్లు రావాలి. రోజుకు రెండే కార్లు వస్తే మిగిలేది 300, నష్టం 900. ఏడాదికి 3,28,500 రూపాయలు చేతి నుంచి పడుతుంది. అదే పన్నెండు కార్లు వస్తే రోజుకు 600 లాభం, ఏడాదికి 2,19,000. యంత్రం అదే, రేటు అదే. తేడా అంతా అది పనిచేసిన గంటల్లో ఉంది.

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు ఇది తెలియని సంగతేమీ కాదు. వరికోత మిషను కొన్నవాడికి గంట బాడుగ ఎంత అన్నదానికన్నా, సీజనులో ఎన్ని గంటలు తిరిగిందన్నదే ముఖ్యం. మిషను చెట్టుకింద ఉన్నా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

రేటు పెంచితే సరిపోదా?

సరిపోదు. యూనిట్ 16 నుంచి 20 చేసినా రోజుకు రెండు కార్లతో మిగిలేది 460 రూపాయలే, నష్టం ఇంకా 740. పైగా కారున్నవాడికి ఇంట్లో ప్లగ్గు ఉంది, అక్కడ చాలా చవక. రేటు పెరిగితే వచ్చే రెండూ రావు. 2024లో నార్వేలో అమ్ముడైన ప్రతి పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే. మన దేశంలో ఆ ఏడాది నూటికి మూడు కన్నా తక్కువ. అక్కడి లాభాల కథ చెప్పి ఇక్కడ యంత్రం అమ్మజూపేవాళ్ళను ఈ ఒక్క అంకె అడిగితే చాలు.

ఎవరికి గిట్టుతుంది?

హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో సూర్యాపేట. కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే సగం దారికి 20 యూనిట్లు కావాలి. అవి ఎక్కించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఖాళీగా ఎవరూ కూర్చోరు. టీ తాగుతారు, టిఫిను తింటారు. కనుక అలాంటిచోట హోటలున్నవాడికి ఛార్జరు మీద తక్కువ మిగిలినా గల్లాపెట్టెలో పూడుతుంది. వట్టి జాగా ఉన్నవాడికి ఆ ఆసరా లేదు. అతను సొంతంగా యంత్రం కొనేకన్నా, పెట్టుబడి పెట్టేవారికి జాగా అద్దెకివ్వడం మేలు.

లాడ్జీలు, సినిమా హాళ్ళు, ఆఫీసుల దగ్గర కార్లు గంటల తరబడి నిలబడి ఉంటాయి. అక్కడ వేగంతో పనిలేదు, 7.4 కిలోవాట్ల ఛార్జరు చాలు. ఊళ్ళో మాత్రం టాక్సీలు మంచి బేరం. రోజంతా తిరుగుతాయి, రోజూ వస్తాయి.

గమనించవలసినవి ఇంకా రెండున్నాయి. బ్యాటరీ 80 శాతం నిండాక ఛార్జింగు నిదానిస్తుంది. అప్పటికీ కారు అక్కడే ఉంటే వెనకవాడి బేరం పోతుంది. రెండోది కరెంటు రేటు. లోడును బట్టి నెలనెలా కట్టే డిమాండు ఛార్జీ ఉంటే, పంట పండినా ఎండినా కట్టే శిస్తు లాంటిదే అది. అది లేకుండా యూనిట్ల మీదే రేటు ఉండాలనీ, పగలు 9 నుంచి 4 దాకా, సౌర విద్యుత్తు దొరికే వేళ, చవకగా ఇవ్వాలనీ కేంద్రం 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. మన రాష్ట్రంలో అమలయ్యే రేటు ఏమిటో కరెంటు ఆఫీసులో కనుక్కున్నాకే లెక్క వెయ్యాలి.

ముగింపు

ఈ వ్యాపారం చెడ్డదని నేననను. కార్లు పెరుగుతాయి, స్టేషన్లూ కావాలి. కాని ముందుగా పెట్టినవాడు కార్లు వచ్చేదాకా వడ్డీ మొయ్యగలగాలి. విద్యుత్ కార్లకు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది. తెల్ల అక్షరాలైతే సొంత కారు, పసుపు అక్షరాలైతే టాక్సీ. అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక వారం రోజులు ఆ జాగా దగ్గర కూర్చుని ఆకుపచ్చ ప్లేట్లు ఎన్ని పోతున్నాయో, వాటిలో ఎన్ని ఆగుతున్నాయో పుస్తకంలో రాసుకోవాలి. మన ఇళ్ళల్లో ఎవరైనా ఈ ఆలోచన చేస్తుంటే సెలవుల్లో మనమే వెళ్ళి ఆ లెక్క రాసిపెట్టవచ్చు. చదివిన చదువుకు అంతకంటె ప్రయోజనం ఏముంది?