తొందర లేదు, అలాగని తీరికా లేదు

చి. బుజ్జికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బయాప్సీ రిపోర్టు, స్కాన్ రిపోర్టు రెండూ చదివాను. అపెండిక్స్‌లో మొదలైన లో గ్రేడ్ గడ్డ పగిలి, పొట్ట లోపలంతా సగ్గుబియ్యం జావలాంటి జిగురు పరుచుకుంది. సూడోమిక్సోమా పెరిటోనై అని వాళ్లు రాసింది దీన్నే. అండాశయంలో నీటితిత్తి అనుకుని లోపలికి వెళితే జిగురు కనిపించిందన్నావు. ఆడవాళ్లలో చాలామందికి ఈ జబ్బు అలాగే బయటపడుతుంది. నువ్వేదో అశ్రద్ధ చేశావని ఎవరైనా అంటే పట్టించుకోకు.

మీ నాన్న ఫోన్ చేసి, “నిదానంగా పెరిగేదేనట కదక్కా, కొన్నాళ్లు నాటుమందు వాడి చూద్దామా?” అన్నాడు. మీ అత్తగారేమో రేపే ఆపరేషన్ చేయించేయాలంటున్నారట. ఇద్దరి మాటా పక్కన పెట్టు. ఈ రకం గడ్డ రక్తం ద్వారానో లింఫు గ్రంథుల ద్వారానో పాకడం అరుదు, పొట్టలోనే పెరుగుతుంది. అందుకే కోసి తీయడానికి వీలుంటుంది. సెలైన్‌లో ఎక్కించే కీమో దీనిమీద పెద్దగా పనిచేయదు. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి జిగురు పేగుల్ని నొక్కేసి తిండి దిగనివ్వదు. కాబట్టి ఆపరేషన్ తప్పదు. నీ డాక్టరు ఒప్పుకుంటే కొన్ని వారాల వ్యవధి మాత్రం దొరుకుతుంది. ఆ వారాల్లో ఏం చేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఎవరి చేత చేయించుకోవాలో తేల్చుకో. అమెరికాలో పాల్ షుగర్‌బేకర్ అనే సర్జన్ దారి చూపిన ఆపరేషన్ ఇది. పొట్ట లోపలి పొరని, జబ్బు పట్టిన భాగాల్ని ఒక్కొక్కటే తీసేస్తారు. తర్వాత 41 నుంచి 43 డిగ్రీల వేడి ఉన్న కీమో మందుని గంటా గంటన్నర సేపు పొట్టలోనే తిప్పుతారు. దాన్ని హైపెక్ అంటారు. అంతా కలిపి 8 నుంచి 12 గంటలు పట్టడం మామూలే. మొదటిసారే పూర్తిగా తీయగలగడం చాలా ముఖ్యం. సగం సగం ఆపరేషన్లయితే లోపల అతుకులు పడి, రెండోసారి వెళ్లేవాళ్లకి దారి కష్టమవుతుంది. అందుకే నీకు ఆపరేషన్ చేసే సర్జన్‌ని మొహమాటం లేకుండా అడుగు: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఎంతమందిలో ఏమీ మిగలకుండా తీయగలిగారు? పేగు బయటికి పెట్టాల్సి వస్తుందా? అండాశయాలు రెండూ తీసేస్తారా? రెండో బిడ్డ సంగతి మీ ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదని నాకు తెలుసు, ఆ మాట ఆపరేషన్‌కి ముందే అడగాలి. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు తీసుకుని ఈ జబ్బు ఎక్కువగా చూసే ఇంకో పెద్ద ఆస్పత్రిలో కూడా చూపించు. డాక్టరు చిన్నబుచ్చుకుంటారేమోనన్న బెంగ వద్దు, మంచి డాక్టర్లు చిన్నబుచ్చుకోరు.

అంకెలు అడిగావు కాబట్టి చెబుతున్నా. 2012లో 16 కేంద్రాల నుంచి 2,298 మంది వివరాలు కలిపి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ వల్ల పోయినవాళ్లు 2 శాతం, పెద్ద ఇబ్బందులు పడ్డవాళ్లు 24 శాతం, పదేళ్లకి బతికి ఉన్నవాళ్లు 63 శాతం. వాళ్లలో నీకంటే పెద్దవాళ్లు, ముదిరిన రకం ఉన్నవాళ్లు కూడా కలిసే ఉన్నారు. ఈ మూడు అంకెలూ ఒకేసారి గుర్తుపెట్టుకో. చివరిదొక్కటే చెప్పి ధైర్యపరచడం నా చేతకాదు.

ఇక ఒంటి సంగతి. ఆపరేషన్‌లో ప్లీహం (స్ప్లీన్) కూడా తీయాల్సి రావచ్చు. అది లేకపోతే కొన్ని క్రిముల్ని ఒళ్లు తట్టుకోలేదు, అందుకని న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి. ఇది చాలామంది ఆఖర్న గుర్తు చేసుకునే పని, నువ్వు ఈ వారమే అడుగు. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ ఇంజెక్షన్ గురించి కూడా మాట్లాడు. రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కడుపులోకి వెళ్లాలి. నువ్వు 55 కిలోలుంటావు, అంటే 70 గ్రాముల పైచిలుకు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పప్పన్నం సరిపోతుందనుకోకు, చేపలు, పెరుగు, పెసరట్టు, గుడ్లు కలిపి లెక్క వేసుకో. పొట్ట నిండినట్టుండి తినలేకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను. కార్తీక మాసం ఉపవాసాలు ఈ ఏడు మానెయ్.

రోజూ నడువు, లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కు. మూడు బంతుల స్పైరోమీటర్ కొనుక్కుని ఇప్పట్నుంచే సాధన చెయ్యి. దాన్ని అందరూ ఊదుతారు, నా ఆస్పత్రి ఉద్యోగమంతా చూశాను! ఊదకూడదు తల్లీ, గాలి నెమ్మదిగా లోపలికి పీల్చి బంతులు పైకి లేపాలి. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరకుండా ఇది సాయపడొచ్చు. మీ నాన్న తెచ్చిన చూర్ణాలు, పసుపు మాత్రలు, చేపనూనె ఏవి మింగుతున్నా మత్తు డాక్టరుకి చెప్పు. కొన్ని రక్తాన్ని పల్చన చేస్తాయి.

పేగు బయట పెట్టే అవకాశం ఉందంటే, ముందురోజే పొట్టమీద చోటు గుర్తు పెట్టమను. నిలబడి, కూర్చుని, వంగి చూపించు. లంగా బొందు కట్టుకునే చోట, చీర కుచ్చిళ్లు దోపుకునే చోట అది రాకూడదు. ఈ మాట మనం అడిగితేనే గుర్తొచ్చేవాళ్లు ఎక్కువ.

మీ అత్తగారు మంచిరోజు చూపిస్తానంటే సరేననండి, కానీ సర్జన్‌కీ, థియేటర్‌కీ, ఐసీయూ మంచానికీ కుదిరిన రోజే ఖాయం చేసుకోండి. డబ్బు పని మీ ఆయనకి ఒప్పగించు. ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతిలో హైపెక్ ఖర్చు ఉందో లేదో కాగితం మీద రాయించుకోవాలి.

లేచేసరికి ముక్కులో గొట్టం, మెడలో లైను, పక్కన డ్రెయిన్లు, యూరిన్ సంచి ఉంటాయి. పేగులు కొన్నాళ్లు కదలవు, ఆకలి ఉండదు, ఏడుపొస్తుంది. అవన్నీ అనుకున్నవే. ఆస్పత్రిలో రెండు మూడు వారాలు, మళ్లీ నీ మనిషివి కావడానికి మూడు నుంచి ఆరు నెలలు వేసుకో. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇంటికొచ్చాక కూడా చేసుకోమంటారు. బత్తాయిలు పట్టుకుని బయల్దేరే చుట్టాలకి ఇప్పుడే చెప్పెయ్, నెలదాకా రావద్దని. చెడ్డపేరు వస్తే నామీద పెట్టు.

బాబుకి “అమ్మ ఊరెళ్లింది” అని చెప్పొద్దు. ఏడేళ్లవాడు, వాడికి అన్నీ తెలుస్తాయి. పొట్టలో జబ్బుంది, డాక్టర్లు తీసేస్తారు, చాలా రోజులు ఎత్తుకోలేను అని నువ్వే చెప్పు.

డేట్ ఖాయమవగానే ఫోన్ చెయ్. అంతకు రెండు రోజుల ముందే హైదరాబాద్ వచ్చేస్తాను, వాణ్ని స్కూల్లో దింపడం, తీసుకురావడం నాది. టీకాల గురించి మాత్రం రేపే అడుగు.

మీ మేనత్త