ఊదేదీ పీల్చేదీ ఒకటే పంకా
బ్యాటరీ బ్లోయరు కొనేముందు తెలుసుకోవలసినవి

చేత్తో పట్టుకొని వాడే చిన్న బ్యాటరీ బ్లోయర్లు ఇప్పుడు పట్నం హార్డ్‌వేరు కొట్లలో దొరుకుతున్నాయి. తీగ అక్కర్లేదు. గొట్టం ఒకవైపు తగిలిస్తే గాలి ఊదుతుంది. రెండోవైపు తగిలిస్తే దుమ్ము పీలుస్తుంది. ట్రాక్టరు రేడియేటరు శుభ్రానికి, విత్తనాల గది ఊడ్చడానికి పనికొస్తుందని కొందరు కొంటున్నారు. కాని డబ్బా మీది అంకెలు చూసి కొని, పది నిమిషాలకే ఆగిపోయిందని తర్వాత బాధపడితే లాభం లేదు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది.

లోపల ఏముంది?

మీ బావి మీది మోటారు పంపును గుర్తు తెచ్చుకోండి. లోపల ఇంపెల్లరు గిర్రున తిరిగి నీళ్లను అంచులకు విసురుతుంది. దాంతో మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. బావి మీద ఉన్న గాలి నీళ్లను నొక్కి, గొట్టంలోకి పైకి తోస్తుంది. పంపు నీళ్లను లాగుతున్నదని మనం అనుకుంటాం గాని, నిజానికి తోసేది గాలి బరువే. అందుకే గట్టున పెట్టిన పంపు ఆచరణలో 7, 8 మీటర్లకు మించిన లోతు నుంచి నీళ్లు ఎత్తలేదు.

బ్లోయరులో జరిగేదీ ఇదే. నీళ్లకు బదులు గాలి, అంతే తేడా. గాలి నీటికన్నా సుమారు 800 రెట్లు తేలిక. కనుక దీని పంకా నిమిషానికి వేల చుట్లు తిరగాలి. పంకా మధ్యలోంచి గాలి లోపలికొచ్చి, అంచు నుంచి బయటకు పోతుంది. బయటకు పోయేచోట గొట్టం పెడితే ఊదుతుంది. లోపలికొచ్చేచోట గొట్టం, బయటకు పోయేచోట సంచి పెడితే పీలుస్తుంది. కమ్మరి కొలిమి దగ్గర చేత్తో తిప్పే పంకా కూడా ఈ జాతిదే.

ఇలాంటి వాటిలో పీల్చిన చెత్త పంకా రెక్కల గుండానే సంచిలోకి పోతుంది. రాయి, మేకు, మట్టిపెళ్ల పోతే రెక్క విరుగుతుంది. సంచి నిండినా, బట్ట రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోయినా గాలి ఆడదు. అప్పుడు మోటారు మోత హెచ్చుతుంది, పీల్పు తగ్గుతుంది. మోటారును చల్లబరిచేది కూడా చాలావరకు ఆ గాలే కనుక వేడెక్కుతుంది. మోత మారితే వెంటనే ఆపి సంచి దులపండి.

బ్యాటరీ లెక్క

లోపల వేలెడంత లిథియం సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్లు సుమారు 3.6 వోల్టులు. నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు. అయిదు సెల్లులుంటే 18 వోల్టులు, నిండినప్పుడు 21 వోల్టులు. కాబట్టి ఒక కొట్లో 18 అని, ఇంకో కొట్లో 21 అని అమ్మేది ఒకే రకం కావచ్చు. 21 అన్నారని ఎక్కువ ధర పెట్టకండి.

కొన్నిటి మీద 48 అని, 88 అని పెద్ద అంకెలు వేస్తారు. చార్జరు మీద 'అవుట్‌పుట్' అన్నచోట చదవండి. అక్కడ 21 వోల్టులు ఉంటే లోపల ఉన్నది అయిదు సెల్లుల వరసే. పెట్టె మీద ఎంత రాసినా ఒకటే.

ఎంతసేపు నడుస్తుంది? వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లయితే 36 వాట్ అవర్లు. మోటారు 200 వాట్లు తీసుకుంటే 11 నిమిషాలకు మించి రాదు. అరగంట పని ఉంటే మూడు బ్యాటరీలు కావాలి. షెడ్డులో కరెంటు ఉంటే తీగ బ్లోయరే మేలు.

ఏ పనులకు వాడుకోవచ్చు?

* ట్రాక్టరు రేడియేటరు: ఇంజను ఆపి, చల్లారాక ఇంజను వైపు నుంచి ముందుకు ఊదాలి. ముందు నుంచి ఊదితే పొట్టు ఇంకా లోపలికి దిగబడుతుంది.
* విత్తనాల గది: గోడ పగుళ్లలో, మూలల్లో ఉన్న నూకలు, పుచ్చు పురుగులు పీల్చవచ్చు. సంచిలో పురుగులు బతికే ఉంటాయి. గదికి దూరంగా తీసుకుపోయి పూడ్చేయండి.
* తూర్పారబట్టడం: కొద్దిపాటి పప్పులు, విత్తనాలకైతే సరే. గాలి సన్నగా, జోరుగా వస్తుంది కనుక దగ్గరగా పెడితే గింజా ఎగిరిపోతుంది. బస్తాల కొద్దీ ధాన్యానికి ఇది చాలదు.

ఇవి మాత్రం చేయవద్దు

* పురుగుమందు పొడి, మందు పట్టించిన విత్తనాల దుమ్ము పీల్చవద్దు. సన్నని పొడి సంచి బట్టలోంచి బయటకొచ్చి మీ ముఖానికే కొడుతుంది.
* పొయ్యి బూడిద పీల్చవద్దు. కనపడని నిప్పురవ్వ సంచిని అంటిస్తుంది.
* పెట్రోలు వాసన ఉన్నచోట వాడవద్దు. బ్రష్షుల మోటారులో రవ్వలు లేస్తాయి.
* తడి చెత్త, నీళ్లు పీల్చవద్దు.
* కరెంటు ఉండగా స్టార్టరు డబ్బా తెరిచి ఊదవద్దు.

ఊదేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

బ్యాటరీ జాగ్రత్తలు

ఎండలో, మూసిన బండిలో ఉంచవద్దు. వాడిన వెంటనే చార్జింగు పెట్టక, చల్లారనివ్వండి. దాని చార్జరే వాడండి. గడ్డివాము దగ్గర గాని, రాత్రి అందరూ పడుకున్నాక గాని చార్జింగు పెట్టవద్దు. నెలల తరబడి పక్కన పెట్టేటట్లయితే సగం చార్జితో ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకండి, గుచ్చకండి, చెత్తకుప్పలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. కనుక కొనేటప్పుడే పాతది ఎక్కడ తీసుకుంటారో అడగండి. విడి బ్యాటరీ దొరుకుతుందో లేదో కూడా అడిగి, రసీదు తీసుకోండి. విడి బ్యాటరీ దొరకని బ్లోయరు, బ్యాటరీ పోయిన రోజున మూలన పడుతుంది. ఏడాదిలో నాలుగు రోజుల పనికైతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం మంచిది.