మత్తులో ఉన్న పన్నుకు నొప్పి తెలియదు

అమ్మా,

ఉప్పల్‌లో ప్రాక్టీసు మొదలుపెడుతున్నావు కనుక ముందుగా టెంపరరీ క్యాప్ గురించే రాస్తున్నాను. అసలు క్యాప్ ల్యాబ్ నుంచి వచ్చేదాకా పెట్టేదే కదా అని దాన్ని చిన్నచూపు చూడకు. చాలా క్లినిక్కుల్లో దాన్ని ఇప్పటికీ పౌడర్, లిక్విడ్ కలిపే అక్రిలిక్‌తో నోట్లోనే చేస్తారు. ఆ ముద్ద గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. డిష్‌లో మిగిలినదాన్ని ఉండ చేసి, గ్లవ్ వేసుకున్న వేళ్లతో పట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది. పేషెంట్ అబ్బా అనలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడమే అసలు ప్రమాదం. ఇంజెక్షన్ ఇచ్చిన పన్నుకు నొప్పి తెలియదు. మత్తుమందులోని ఎడ్రినలిన్ వల్ల పంటి లోపలి పల్ప్‌లో రక్తప్రసరణ కూడా తగ్గుతుంది కనుక వేడి బయటికి పోయే దారి సన్నబడుతుంది. క్యాప్ కోసం అరగదీయడంతో డెంటిన్ అప్పటికే పలచబడి ఉంటుంది.

1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు రీసస్ కోతుల పళ్లకు వేడి పెట్టి చూశారు. పల్ప్‌లో 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 15 శాతం పళ్లు కోలుకోలేదు. 11 డిగ్రీలు పెరిగినప్పుడు ఆ లెక్క 60 శాతానికి చేరింది. 1997లో బాల్దిస్సారా బృందం మనుషుల పళ్ల మీద చేసిన చిన్న పరిశోధనలో మాత్రం సగటున 11 డిగ్రీలు పెరిగినా హాని కనబడలేదు. ఆ పేపర్ చూపించి ఇదంతా అతిజాగ్రత్త అనేవాళ్లు నీకు ఎదురవుతారు. నేను ఒప్పుకోను. అక్కడ చూసింది వేడి ఒక్కదాని ప్రభావాన్నే. నీ కుర్చీలో ఉన్న పన్ను మాత్రం పుచ్చును, పాత ఫిల్లింగ్‌ను, బర్ రాపిడిని భరించి వచ్చింది. దాని ఓపిక ఇంకెంత మిగిలిందో కొలిచే సాధనం మన దగ్గర లేదు.

మరి ఈ అక్రిలిక్ బదులు బిస్ అక్రిల్ వాడొచ్చు కదా అంటావేమో. వేడి తక్కువే, కానీ ఖరీదెక్కువ. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుడికి ఆ భారం వేయకుండానే పన్నును కాపాడవచ్చు. ముద్ద పోసి పన్ను మీద పెట్టే అచ్చును చూసి ఎంచుకో. పలచటి ప్లాస్టిక్ షీటు అచ్చు వేడిని పెద్దగా పీల్చుకోదు. నీరున్న ఆల్జినేట్ అచ్చు, లేదంటే పుట్టీ అచ్చు చాలా నయం. ముద్ద రబ్బరులా సాగే దశకు రాగానే తీసెయ్యి, చల్లటి నీళ్లు చల్లి మళ్లీ పెట్టు, మళ్లీ తియ్యి. పూర్తిగా గట్టిపడటం నోటి బయటే జరగాలి. అలా తీస్తే అంచులు సరిగా కూర్చోవన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే తర్వాత లోపల పలచటి పొరతో రీలైన్ చెయ్యి. మెటీరియల్ కొంచెమే కనుక పుట్టే వేడీ కొంచెమే. మే నెలలో ఉప్పల్ ఎండకు గది కాగిపోయినప్పుడు మిశ్రమం తొందరగా గట్టిపడుతుంది, తీసే అవకాశం చిటికెలో చేజారుతుంది. లిక్విడ్ సీసాను చల్లగా ఉంచు.

రూట్ కెనాల్ అయిన పన్నుకు ఈ బెంగ లేదంటారు. ఆ పన్ను వరకు నిజమే. కానీ బ్రిడ్జి కోసం పక్క పళ్లను అరగదీసినప్పుడు అవి చాలాసార్లు ప్రాణమున్నవే, పైగా మధ్యలో లేని పన్ను కోసం పోసే ముద్ద పెద్దది. అక్కడే మరింత జాగ్రత్త కావాలి.

అసలు క్యాప్ అతికించే ముందు పన్నుకు చల్లదనపు పరీక్ష పెట్టు. జివ్వుమనడం తగ్గకుండా ఉండిపోతున్నా, రాత్రిళ్లు నొప్పి లేస్తోందని పేషెంట్ చెప్పినా, ఆ రోజు సిమెంట్ కలపకు.