అడ్డుగాలి

విద్యార్థులారా, వంశధారను పడవపై దాటినవారికి ఒక సంగతి తెలిసియుండును. ఆవలి రేవునకు నేరుగా చేరవలెనన్న, పడవవాడు పడవముక్కును ప్రవాహమునకు ఎదురుగా కొంత త్రిప్పి పట్టును. లేనియెడల నీరు పడవను దిగువకు లాగికొనిపోవును. ఆకాశమున విమానమునకు గాలియే ప్రవాహము.

విమానము నేలవిడుచుటకు ఎదురుగాలి అనుకూలము. రెక్కలమీదుగా పోవు గాలివేగమే దానిని పైకెత్తును గనుక, ఎదురుగాలి యున్నప్పుడు తక్కువ పరుగుతోనే అది లేవగలదు. అడ్డుగాలి యట్టిది కాదు. అది నిలువుగా నున్న తోకకు తగిలి ముక్కును గాలివైపునకు త్రిప్పజూచును. గాలివైపు రెక్కను పైకెత్తజూచును. నేలవిడిచిన వెంటనే విమానమును ప్రక్కకు నెట్టును. కావున నడుపువాడు ఆ రెక్కను అణచి, చుక్కానితో త్రోవను సరిదిద్దవలెను. గాలి నిలుకడగా వీచునెడల ఇది అభ్యాసముచే సాధ్యమగును. విసరువిసరుగా వీచునెడల రెక్కలమీది గాలివేగము ఒక క్షణమున హెచ్చి మరుక్షణమున తగ్గును. వేగము చాలనప్పుడు ముక్కును మఱింత ఎత్తినచో రెక్కలు బరువును మోయజాలవు.

1996 ఏప్రిల్ 11 ఉదయమున అమెరికాలోని షయాన్ పట్టణమున ఇట్టి ఆపద సంభవించెను. జెస్సికా డుబ్రాఫ్ అను ఏడేండ్ల బాలిక, తండ్రితోను శిక్షకునితోను కూడి, చిన్న సెస్నా విమానమున దేశమును ఆ తీరమునుండి ఈ తీరమునకు దాటుటకై ముందుదినము కాలిఫోర్నియా నుండి బయలుదేరెను. షయాన్ సముద్రమట్టమునకు 6,000 అడుగులకు పైగా ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. విమానములో బరువు పరిమితిని మించెను. ఉఱుములతో గాలివాన సమీపించుచుండెను. అయినను బయలుదేరిరి. విమానము ముక్కెత్తి, రెక్కలు ఊగుచు, కొన్నివందల అడుగులు మాత్రమే లేచి, కుడివైపునకు తిరిగి కూలెను. ముగ్గురును మరణించిరి.

విచారణ సంఘమువారు బాలికను తప్పుపట్టలేదు. అప్పుడు నడుపుచుండినది శిక్షకుడే యని తేల్చిరి. అట్టి వాతావరణమున బయలుదేరుట దోషమనియు, పత్రికలవారికిచ్చిన మాటలతో ఇఱుకైన ప్రయాణపుటేర్పాటు అందుకు తోడ్పడెననియు చెప్పిరి. ఆ యేడే అమెరికాలో, అనుమతిపత్రము లేనివారిచే రికార్డుల కొఱకు విమానము నడిపింపగూడదని శాసనము చేసిరి.

గాలిబలము మన జిల్లావారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. 2018 అక్టోబరున తిత్లీ తుఫాను కొబ్బరితోటలను కూల్చెను గదా. భావనపాడున గాలి చూచి వల మడచి ఒడ్డుననుండు జాలరిని పిఱికివాడని యెవరందురు? పిల్లలు అందఱికంటె ముందుండవలెనను ఆతురత తల్లిదండ్రులకు వలెనే ఉపాధ్యాయులమైన మాకును కలదు. ఆ ఆతురత తలయెత్తినప్పుడెల్ల మేము ఈ పాఠమును మొదట మాకే చెప్పుకొనుచున్నాము.