ఒక విద్యార్థి దినచర్య

యౌవనస్థుల పాఠము
చదువవలసిన భాగములు: సామెతలు 28:13, ప్రసంగి 9:10, కొలొస్సయులకు 3:23, 24



“నీ జీవిత సిద్ధాంతమేమి? నీ మంచి అలవాట్లేవి? తీరిక వేళ నీకిష్టమైన పని ఏది?” అని బడిలో పిల్లలచేత వ్యాసము వ్రాయించుట వాడుక. పిల్లలు చక్కగానే వ్రాస్తారు. సత్యము పలుకుట, వేకువనే లేచుట, పుస్తక పఠనము. నేనును అట్టివి వ్రాయించినవాడనే, దిద్దినవాడనే. వ్రాసినదానిలో ఎంత భాగము పిల్లవాని జీవితములో ఉన్నదో మాత్రము ఎఱ్ఱ సిరాతో దిద్దుటకు వీలుపడలేదు. కాబట్టి ఈ పాఠములో వ్యాసమును విడిచి ఒక విద్యార్థినే చూద్దాము. ఆయన మన బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ గారు.

ఆయన 1761లో ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి బడిపంతులు. ఎండ పడని చర్మవ్యాధి ఉన్నందున పొలము పని మాని, చెప్పులు కుట్టే పనికి కుదిరారు. యజమాని కొట్టులో ఒక క్రొత్త నిబంధన వ్యాఖ్యానము దొరికింది. అందులో గ్రీకు మాటలు కనబడ్డాయి. అక్షరములే తెలియవు. అయినా వాటిని బొమ్మలు గీసినట్లు కాగితము మీద గీసుకొని, స్వగ్రామములో చదువు తెలిసిన ఒక నేతపనివాని యొద్దకు తీసుకుపోయి అర్థమడిగేవారు. ఆయన గ్రీకు చదువు అలా మొదలయింది.

ఆ రోజులలోనే ఒక తప్పు జరిగింది. క్రిస్మస్ సమయములో ఒక వర్తకుడు ఆయనకు మామూలుగా ఒక షిల్లింగు ఇచ్చాడు. అది చెల్లని నాణెము. ఆయన దానిని యజమాని డబ్బులో కలిపి, మంచి షిల్లింగు తాను ఉంచుకొన్నారు. అడిగితే చెప్పుటకు అబద్ధము సిద్ధము చేసుకొన్నారు. అంతటితో ఆగక, ఈ ఒక్కసారి గట్టెక్కిస్తే ఇక చెడ్డపనులు మానుతానని దారి పొడవునా ప్రార్థించారు! దేవుడు గట్టెక్కించలేదు. యజమాని విచారించగా సంగతి బయటపడింది. ఆయన సిగ్గుతో గుడికి కూడా పోలేకపోయారు. ఈ సంగతిని తరువాత ఆయనే వ్రాశారు గనుక మనకు తెలిసింది. పరీక్ష హాలులో చీటీ పెట్టుకొని ప్రార్థన చేసే పిల్లలు మన సంఘాలలో లేరని నేననుకోను.

ఇక అలవాట్ల సంగతి. ఉత్తరములు సరిగా వ్రాయుట లేదని స్వదేశములోని స్నేహితులు అనగా, 1806 జూనులో కేరీ గారు తన ఒక్క దినపు పనిని వివరించి జవాబిచ్చారు. అప్పటికి ఆయనకు 44 ఏండ్లు. కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలలో పనిచేస్తున్నారు. ఉదయము ఆరుగంటలకు ముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము, ప్రార్థన, పనివారితో బెంగాలీలో కుటుంబ ప్రార్థన. పిమ్మట పారసీకము, సంస్కృతము. పది నుండి కళాశాల. తరువాత అచ్చు ప్రూఫులు, మత్తయి సువార్త సంస్కృతానువాదము. సాయంత్రము ఆరు దాటిన తరువాత ఎవరితో కూర్చున్నారో చూడండి: ఒక తెలుగు పండితునితో, తెలుగు నేర్చుకొనుటకు! ఆ తరువాత ఇంగ్లీషులో ప్రసంగము, రాత్రి మరల అనువాదము, చివరకు గ్రీకులో ఒక అధ్యాయము.

ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము 1812 మార్చి 11న శ్రీరాంపూరు అచ్చుకూటము కాలినపుడు కాలిపోయింది. మరల వ్రాశారు. 1814లో అచ్చయింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో వచ్చింది. మనము నేడు చదివేది ఆ అనువాదము కాదు. ఒరియా క్రొత్త నిబంధన 1809లోను, మరాఠీది 1811లోను వచ్చినవి. మన పిల్లలు ఇప్పుడు బడిలో నేర్చుకొనే భాషలలో ఇవి రెండు.

తీరిక వేళ ఆయనకు ఇష్టమైనది తోటపని. చిన్ననాడు తన గది నిండా పురుగులు, పిట్టలు, మొక్కలు పెట్టుకొనేవారు. శ్రీరాంపూరులో ఐదెకరాల తోట పెంచారు. యానాము వారికి సామర్లకోట దగ్గరే గదా. అక్కడ తోట పెంచిన రాక్స్‌బర్గు దొర వృక్షశాస్త్ర గ్రంథమును 1820లో అచ్చు వేయించినది ఈయనే. 1823లో దామోదర నది వరద ఆ తోటను ముంచివేసింది. ఆయన తిరిగి నాటుకొన్నారు. తన జీవితచరిత్ర ఎవరైనా వ్రాస్తే, పట్టు విడువక మెల్లగా సాగిపోయేవాడని వ్రాస్తే చాలునని తమ్ముని కుమారునితో అన్నారట.

అయితే ఆయన దినచర్యలో ఒక ఖాళీ ఉన్నది. భార్య మతి చలించి ఎన్నో ఏండ్లు బాధపడింది. కుమారులు అదుపు లేక పెరుగుతుంటే వారిని చేరదీసినవారు వార్డు గారు, హన్నా మార్ష్‌మన్ అమ్మగారు. అన్ని భాషలకు గంట కేటాయించిన మనిషికి పిల్లలకు గంట దొరకలేదు. ఇది తలిదండ్రులు చదువవలసిన భాగము.

వచ్చే ఆదివారము యౌవనస్థుల కూటమునకు ప్రతివారును నిన్నటి దినమును గంటగంటకు ఉన్నదున్నట్లు ఒక కాగితము మీద వ్రాసి తేవాలి. టీవీ, ఫోను, క్రికెట్టు కూడా వ్రాయండి, దాచనక్కరలేదు. తెలుగు బైబిలు చదివిన నిమిషములు వేరుగా వేయండి. తెలుగు వ్రాయలేనివారు తమిళములోనో కన్నడములోనో వ్రాయవచ్చును. అట్టివారి ప్రక్కన కూర్చుండుటకు పెద్దలు ఒక్కొక్కరు ముందుగా పేరు ఇవ్వవలెను.