అంగిలి కోల్పోయినవారి మాట, ఆహారము, ఆసరా

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు తీరగ్రామాలలో చుట్టను నిప్పు వైపు నోటిలో ఉంచుకొని కాల్చే అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, చిరకాలంగా ఉన్నది. దీనినే అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరదనీ, ఎక్కువసేపు వస్తుందనీ దీనికి చెప్పే కారణాలు. డెన్మార్క్‌కు చెందిన దంతవైద్య శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, ఆయన భారతీయ సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగకూ అంగిలి వ్యాధులకూ గల సంబంధాన్ని 1971లో ప్రకటించారు. నిప్పు వేడిమి అంగిలి పైపొరను మాటిమాటికీ గాయపరుస్తుంది. పొగాకులోని నైట్రోసమీన్లు, పొగలోని బహువలయ హైడ్రోకార్బన్లు శరీరంలో మార్పు చెంది, కణాల డి.ఎన్.ఎ.కు అంటుకొంటాయి. గాయం మానడానికి కణాలు వేగంగా విభజన చెందే చోట ఇటువంటి లోపం మరింత ప్రమాదకరం.

వ్యాధి ఎముక వరకు వ్యాపించినప్పుడు అంగిలిలో కొంత భాగాన్ని తొలగించవలసి వస్తుంది. ప్రాణం నిలుస్తుంది; కాని నోటికీ ముక్కుకూ మధ్యనున్న గోడ పోతుంది. త్రాగిన గంజి ముక్కు గుండా వస్తుంది. మాట సంగతి మరింత విచిత్రం. ప, బ, త, ద వంటి అక్షరాలు పలకాలంటే నోటిలో గాలి క్షణకాలం బిగబట్టబడాలి. గోడ లేనిచో ఆ గాలి ముక్కులోనికి జారిపోయి, బ అన్నది మ వలె, ద అన్నది న వలె వినిపిస్తుంది. మ, న అనునాసికాలు గనుక వాటికి అంత నష్టం లేదు. ‘బాబూ’ అన్న పిలుపు చెదిరిపోయినా, ‘నాయనా’ అన్నది చాలవరకు నిలుస్తుంది. ఖతార్‌లోని ఉమ్ సలాల్ వంటి చోట ఉద్యోగం చేసుకొనే కుమారుడు ఫోనులో తల్లి మాట అర్థం కాక, ఆమె స్పృహలో లేదేమోనని కలవరపడవచ్చు. ఆమె తెలివికేమీ కాలేదు. ముఖం కనబడేలా మాట్లాడితే పెదవుల కదలిక సగం అర్థాన్ని అందిస్తుంది. అర్థం కానప్పుడు అర్థమైనట్లు నటించడం మాత్రం తగదు. ఆమె దానిని వెంటనే గ్రహిస్తుంది.

పోయిన గోడకు బదులుగా కృత్రిమ అంగిలిని అమరుస్తారు. ఇది సాధారణంగా పాలీ మిథైల్ మెథాక్రిలేట్ అనే ఆక్రిలిక్ ప్లాస్టిక్. గాయం మానుతూ ముడుచుకొంటుంది గనుక మొదటి అమరికలు తాత్కాలికం. శాశ్వతమైనది కొన్ని నెలల తరువాతనే. దీనిని మరిగే నీటిలో కడుగరాదు, వంకరపోతుంది. తీసి ఉంచినప్పుడు నీటిలో ఉంచాలి. దవడ బిగుసుకొనిపోకుండా రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయాలి. రేడియేషన్ పొందినవారిలో లాలాజలం తగ్గుతుంది. ఆమ్లాన్ని శమింపజేసే బైకార్బొనేట్ అందులోనే ఉన్నది కనుక పళ్లు త్వరగా పుచ్చుతాయి. తీయవలసిన పళ్లను రేడియేషన్‌కు ముందే తీయించుకోవాలి; తరువాత తీస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉన్నది.

ఇక విశ్వాసం మాట. అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఆరోగ్యం కోరి సేవించే కుటుంబాలు, చర్చిలో ప్రార్థించేవారు, దర్గాకు మొక్కుకొనేవారు ఆ జిల్లాలలో అందరూ ఉన్నారు. ప్రార్థన కణితిని కరిగిస్తుందని రసాయనశాస్త్రం చెప్పజాలదు. అయితే అద్దంలో తన ముఖం చూసుకోవడానికి వెనుకాడే మనిషి రేపటి వ్యాయామానికి లేచి కూర్చోవడానికి ఏదో ఒక ఆధారం కావాలి, దానిని తీసివేసే అధికారం శాస్త్రానికి లేదు. అభ్యంతరం రెండు చోట్లనే. మొక్కు పేరిట చికిత్సను వాయిదా వేయడం ఒకటి. ఉపవాసం రెండవది. గాయాన్ని పూడ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీను. దాని పోగులు బిగువుగా అల్లుకోవాలంటే ప్రోలీన్‌కు హైడ్రాక్సిల్ చేరాలి, అందుకు విటమిన్-సి కావాలి. కనుక ఆ మాసాలలో పప్పుకట్టు, మజ్జిగ, మెత్తని గుడ్డు, పలుచని పండ్లరసం మానరాదు. పుల్లనివి మండితే వైద్యునికి చెప్పి మార్చుకోవాలి. ఉపవాసపు మొక్కును ఆరోగ్యం కుదిరాక తీర్చుకోవచ్చు, దేవుడు తొందరపెట్టడు.

విశ్వాసం లేనివారి సంగతి ఏమిటన్న ప్రశ్న సహజం. చుట్టలు విపరీతంగా కాల్చిన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు 1923లో వియన్నాలో ఈ వ్యాధే బయటపడింది. హాన్స్ పిచ్లర్ అనే శస్త్రవైద్యుడు అంగిలిలో, దవడలో కొంత భాగం తొలగించాడు. తరువాత ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. బాధ పెట్టే కృత్రిమ అంగిలితోనే ఆయన 1939 వరకు జీవించి, రచనలు సాగించాడు. ఆయన నాస్తికుడు, ఆయనకు ఆసరా కుమార్తె అన్నా. ఆ అంగిలిని తీసి పెట్టడంలో కూడా ఆమె సాయపడేది. చుట్టలను మాత్రం ఆయన విడువలేదు, అందులో ఆయనను అనుసరించరాదు.

వ్యాధి తిరగబెట్టే అవకాశం మొదటి రెండు సంవత్సరాలలో అధికం. పరీక్షలకు తప్పక తీసుకొనిపోయే మనిషిని ఊరిలో ముందే నియమించుకోవాలి. దూరదేశం నుండి ఒక్కసారి మాత్రమే సెలవు దొరికేవారు సాధారణంగా శస్త్రచికిత్స రోజుకు వెళ్తారు. ఆ రోజున ఆసుపత్రిలో బంధువులకు కొదువ ఉండదు. కృత్రిమ అంగిలి అమర్చిన తరువాతి వారాలలో, ముద్ద మింగడం, పేరు పెట్టి పిలవడం మళ్లీ నేర్చుకొనేటప్పుడు, ఇంటిలో చాలాసార్లు ఎవరూ ఉండరు. సెలవును అప్పటికి దాచుకోవడం మేలు.