సరుకు కోసం పట్నం ప్రయాణం

చీరలు, జాకెట్టు గుడ్డలు తెచ్చి ఊళ్ళో అమ్మే అక్కలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. గాజులు, బొట్టుబిళ్ళలు తెచ్చి అమ్మేవాళ్ళు ఉన్నారు. అప్పడాలు, పచ్చళ్ళు చేసి పట్నం కొట్లకు వేసేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరికీ నెలకు ఒకసారైనా ప్రయాణం తప్పదు.

కానీ చాలా ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? "నువ్వెందుకు పోవడం, నేను తెస్తాలే" అంటాడు ఇంటాయన. ఆయన తెచ్చిందే సరుకు. ఆయన చెప్పిందే ధర. ఎవరూ కట్టని రంగు చీరలు పది తెచ్చి ఇంట్లో పడేస్తాడు. అవి అమ్ముడుపోవు. సంఘం వాయిదా మాత్రం నెల నెలా కట్టాలి. అప్పు ఉన్నది ఎవరి పేరు మీద? మీ పేరు మీద. ఏ రంగు పోతుందో, ఏ అంచు నచ్చుతుందో తెలిసింది ఎవరికి? మీకే. కాబట్టి సరుకు చూసి కొనాల్సింది మీరే.

"నిజమే టీచరమ్మా, కానీ భయం" అంటారు. భయం దేనికి? డబ్బు పోతుందని. దారి తప్పుతామని. పొద్దుపోతుందని. ఈ మూడింటికీ ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఈ పాఠంలో విజయవాడ ప్రయాణం తీసుకుందాం. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అని పెద్ద గుడ్డల మార్కెట్టు ఉంది. టోకున అమ్ముతారు. మీరు వరంగల్ పోవచ్చు, తిరుపతి పోవచ్చు. జాగ్రత్తలు మాత్రం ఇవే.

ముందురోజు రాత్రి పని

ముందురోజు రాత్రి ఒక చీటీ రాయండి. ఇలా రాయండి:

పోయేది: విజయవాడ, వన్‌టౌన్, వస్త్రలత.
పోయేవాళ్ళం: నేను, ఎదురింటి వదిన.
బయలుదేరేది: ఉదయం 6 గంటల బస్సుకు.
తిరిగి వచ్చేది: సాయంత్రం 7 గంటల లోపు.
ఆలస్యమైతే ఉండేది: చిన్నత్త ఇంట్లో. ఆమె ఫోను నంబరు.

ఈ చీటీ రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఇంట్లో గోడకు తగిలించండి. రెండోది మీ దగ్గర ఉంచుకోండి. మీ దగ్గరుండే చీటీలో ఇంటి నంబరు, సంఘం లీడరు నంబరు, కొట్టు పేరు, కొట్టు నంబరు కూడా రాసుకోండి.

"నంబర్లన్నీ ఫోనులో ఉన్నాయి గదా" అంటారు. ఉన్నాయి. ఫోను పోతే? ఛార్జింగు అయిపోతే? అప్పుడు కాగితమే దిక్కు. మీ ఇంటి నంబరు మీకు నోటికి వచ్చా? పుస్తకం మూసి ఒకసారి చెప్పండి చూద్దాం.

ఒక్క మాట. ఏటీఎం కార్డు పిన్ను, ఫోనులో డబ్బు పంపే పిన్ను ఏ చీటీలోనూ రాయొద్దు. అది మనసులోనే ఉండాలి.

డబ్బు ఎట్లా పెట్టుకోవాలి?

పది వేలు పట్టుకుపోతున్నారనుకోండి. అంతా ఒకే పర్సులో పెట్టొద్దు. లోపలి లంగాకు ఒక జేబు కుట్టించుకోండి. పెద్ద డబ్బు అందులో ఉంచండి. కొంత వదిన దగ్గర ఉంచండి. ఆటోకు, టీకి, లగేజీకి మాత్రం ఒక మూడు నాలుగు వందలు చిల్లర నోట్లుగా చేతి పర్సులో పెట్టుకోండి. బస్టాండులో పెద్ద డబ్బు తియ్యొద్దు, లెక్కపెట్టొద్దు. ఒక దొంగ చూపు చాలు.

మెడలో నగలు తగ్గించుకోండి. చీరలు కొనడానికి పోతున్నాం, పెళ్ళికి కాదు.

ఈ రోజుల్లో ఫోనుతో కూడా డబ్బు కడుతున్నాం. ఇది మంచిదే. నోట్లు మోసే భయం తగ్గుతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. మనం డబ్బు పంపడానికే పిన్ను కొట్టాలి. మనకు డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. "నీకు డబ్బు పంపుతున్నానమ్మా, పిన్ను కొట్టు" అని ఎవరైనా అంటే అది మోసం. కొట్టు ముందు బొమ్మను ఫోనుతో స్కాను చేశాక తెరమీద ఒక పేరు వస్తుంది. ఆ పేరు చదవండి. కొట్టువాళ్ళు చెప్పిన పేరు కాకపోతే ఆగండి, అడగండి. చదువు రాని రోజుల్లో ఫోను పక్కవాళ్ళ చేతికిచ్చి "నువ్వే కొట్టు నాయనా" అన్నాం. ఇప్పుడు ఆ అవసరం లేదు. మోసపోయినట్టు తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

బస్సులో

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం నడుస్తోంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ఇట్లాగే ఉంది. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. కండక్టరు డబ్బు రాయని టికెట్ ఇస్తాడు. ఉచితమే గదా అని దాన్ని పారెయ్యొద్దు. దిగేదాకా దగ్గర ఉంచుకోండి. సూపర్ లగ్జరీ వంటి పెద్ద బస్సులకు ఈ ఉచితం లేదు. పక్క రాష్ట్రం పోయే బస్సయితే ఎక్కక ముందే కండక్టరును అడగండి. ఎక్కువ బరువు సరుకుకు లగేజీ టికెట్ తీసుకోవాల్సి ఉంటుంది.

బస్సు ఎక్కేముందు బోర్డు మీరే చదవండి. "ఇది బెజవాడ పోద్దా?" అని పదిమందిని అడగొద్దు. కొత్త మనిషి అని అందరికీ తెలిసిపోతుంది. చదివి ఎక్కి, కండక్టరును ఒక్కసారి అడిగి కూర్చోండి.

పక్క సీట్లో వాళ్ళతో మాట్లాడొచ్చు. కష్టసుఖాలు చెప్పుకోవచ్చు. ఎంత డబ్బు తెస్తున్నారో మాత్రం చెప్పొద్దు. బిస్కెట్లు, టీ ఇస్తే "ఇప్పుడే తిన్నానమ్మా" అనండి. మత్తుమందు కలిపి ఇచ్చి దోచుకునేవాళ్ళున్నారు. కాదంటే వాళ్ళేమన్నా అనుకుంటారేమో అనే మొహమాటమే మనకు చేటు.

రైల్లో పోయేవాళ్ళకు రెండు మాటలు. మామూలు రెండో తరగతి టికెట్ మీద 35 కిలోల దాకా సామాను ఉచితంగా తీసుకుపోవచ్చు. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139 నంబరుకు ఫోను చెయ్యండి. మగతోడు లేకుండా పోయే ఆడమనిషి దగ్గర టికెట్ లేకపోయినా రాత్రిపూట దారిలో దించెయ్యకూడదని రైల్వే చట్టంలో ఉంది. జరిమానా మాత్రం తప్పదు.

దొంగల మాటలు ఇట్లా ఉంటాయి

దొంగ కత్తి చూపిస్తాడని మనం అనుకుంటాం. బస్టాండు దొంగ మర్యాదగా మాట్లాడతాడు.

"అమ్మా, మీ డబ్బు కింద పడింది చూడండి" అంటాడు. కింద నిజంగానే రెండు పది రూపాయల నోట్లు ఉంటాయి. అవి వాడే వేశాడు. మనం వంగుతాం. మూట మీద నుంచి చెయ్యి తీస్తాం. ఆ లోపల రెండోవాడు మూట తీసుకుని పోతాడు.

ఇంకొకడు మన చీర మీద ఏదో పోస్తాడు. "అయ్యో, మరక పడిందమ్మా, అక్కడ కుళాయి ఉంది, కడుక్కోండి" అని వాడే జాలి పడతాడు. మరక ఎక్కడికీ పోదు. ముందు సంచి పట్టుకోండి.

మరొక రకం ఉంది. ఇది పెద్దవయసు అత్తల మీద బాగా పనిచేస్తుంది. ఇద్దరు మనుషులు వచ్చి "మేం పోలీసులం. ముందు దొంగతనం జరిగింది. నగలు తీసి ఈ కాగితంలో పొట్లం కట్టుకోండి" అంటారు. వాళ్ళే పొట్లం కట్టి ఇస్తారు. ఇంటికొచ్చి విప్పితే రాళ్ళు! నిజమైన పోలీసులు రోడ్డు మీద నగలు తియ్యమని అడగరు. "స్టేషనుకు పోదాం పదండి, అక్కడ తీస్తాను" అనండి. గట్టిగా, నలుగురికీ వినపడేట్టు అనండి. దొంగయితే నిలబడడు.

కొట్లో

తొందర పడొద్దు. చీర మడత విప్పి చూడండి. అంచు, కొంగు చూడండి. చిరుగు, మరక ఉంటే అప్పుడే పక్కన పెట్టండి. జాకెట్టు ముక్క ఉందో లేదో అడగండి. అమ్ముడు పోనివి మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అనేది కొనక ముందే మాట్లాడుకోండి. మార్చి ఇస్తామంటే ఆ మాట బిల్లు మీద రాయించండి. నోటి మాట మళ్ళీ నెలకు గుర్తుండదు.

బిల్లు చదవండి. ఎన్ని చీరలు, ఒక్కొక్కటి ఎంత, మొత్తం ఎంత. మీరే కూడి చూడండి. "ఇంత లెక్క చూస్తావేమ్మా" అని కొట్టాయన నవ్వితే నవ్వనివ్వండి.

మూట బరువైతే మొయ్యొద్దు. ఆర్టీసీ కార్గోలో వేస్తే మన దగ్గర బస్టాండుకు వస్తుంది. రసీదు తీసుకోండి. రసీదు మీద ఊరి పేరు, ఫోను నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చదవండి.

ఒంటి సంగతి

ఇది ఎవరూ మాట్లాడరు. మనం మాట్లాడుకుందాం. ప్రయాణం అంటే మనలో చాలామంది పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు. ఎందుకు? దొడ్డికి పోవడానికి చోటు దొరకదని. నీళ్ళు తాగకుండా, వచ్చిన మూత్రం ఆపుకుంటే ఏమవుతుంది? మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, జ్వరం. రెండు రోజుల సంపాదన డాక్టరుకే పోతుంది. విజయవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వడదెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు.

కాబట్టి నీళ్ళ సీసా పట్టుకుపోండి, తాగండి. బస్టాండులో దిగగానే ఒకసారి, మార్కెట్టుకు పోయాక ఒకసారి మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కోండి. "స్త్రీలు" అనే బోర్డు చదవడం వచ్చు గదా. కొనే కొట్లో అడగడానికి సిగ్గు పడొద్దు. వేల రూపాయల సరుకు కొంటున్నాం. చిల్లర, చిన్న సబ్బు ముక్క దగ్గరుంచుకోండి. నెలసరి రోజులు దగ్గర పడితే గుడ్డలో, ప్యాడ్లో సంచిలో వేసుకోండి.

ఇంటి నుంచి పులిహోరో, చపాతీలో కట్టుకోండి. ప్రయాణం రోజు ఉపవాసం వద్దు. దేవుడేమీ అనుకోడు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు మాత్రలు మర్చిపోవద్దు.

పొద్దుపోతే

మీ ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకో పొద్దున దిగగానే విచారణ కిటికీ దగ్గర అడిగి చీటీలో రాసుకోండి. దానికి ముందు బస్సుకే బయలుదేరండి. చివరిది తప్పిపోతే? తెలియని ఆటో ఎక్కి ఊరికి పోవాలని చూడొద్దు. "నేను అటే పోతున్నా" అనేవాళ్ళ బండి ఎక్కొద్దు. బస్టాండు లోపల, దీపాలు, జనం ఉన్నచోట కూర్చోండి. ఇంటికి ఫోను చెయ్యండి. చీటీలో రాసుకున్న చుట్టాలింటికి చెప్పి పోండి. ఇంటాయన కోప్పడతాడని రాత్రిపూట రోడ్డెక్కొద్దు. కోపం తెల్లారేసరికి పోతుంది.

ఎవరైనా వెంటపడినా, చెయ్యి వేసినా 112 నంబరుకు ఫోను చెయ్యండి. ఫోనులో డబ్బు లేకపోయినా ఈ ఫోను పోతుంది. ఆడవాళ్ళకు సాయం చెయ్యడానికి 181 నంబరు ఉంది. కష్టంలో ఉన్న ఆడవాళ్ళు కొద్ది రోజులు తలదాచుకోవడానికి జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. 181 కు చేస్తే వాటి సంగతి చెబుతారు.

దొంగతనం జరిగితే ఏ పోలీసు స్టేషన్లో అయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. "అది మా పరిధి కాదమ్మా" అని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఇది ఉంది. కేసు రాసిన కాగితం నకలు డబ్బు లేకుండా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

లెక్క

ఒక అక్క 20 చీరలు తెచ్చింది. ఒక్కొక్కటి 450 రూపాయలు. చీరలకు 9000. ఆటోలకు 120, తిండికి 60, కార్గోకు 100. మొత్తం 9280 రూపాయలు. 20 చీరలకు పంచితే ఒక్కో చీర 464 రూపాయలు పడింది. 450 కే పడిందనుకుని 460 కి అమ్మితే లాభమా, నష్టమా? చీరకు 4 రూపాయలు నష్టం! మరి ఆ రోజు మానుకున్న కూలి 300 రూపాయలో? అదీ కలపాలి. అప్పుడు చీర 479 రూపాయలు పడుతుంది. ఇద్దరు కలిసి పోతే ఆటో ఖర్చు సగమవుతుంది. తోడుకు తోడు.

చదవండి: విచారణ, స్త్రీలు, లగేజీ, రసీదు, కార్గో, బిల్లు, ఫిర్యాదు.

రాయండి: మీరు ఈ నెలలో పోవాల్సిన ప్రయాణానికి చీటీ రాయండి. చూడకుండా మూడు ఫోను నంబర్లు రాయండి.

లెక్క చెయ్యండి: 15 జాకెట్టు గుడ్డలు. ఒక్కొక్కటి 80 రూపాయలు. దారి ఖర్చు 150 రూపాయలు. ఒక్కో గుడ్డ ఎంత పడింది? మీరైతే ఎంతకు అమ్ముతారు?